ఒకటో నంబరు సీటు

“స్కూటరు తాళం ఇలా ఇవ్వన్నయ్యా. టైమవుతోంది.”

“ఇవ్వను.”

తాళం అన్నయ్య గుప్పిట్లో ఉంది, గుప్పిట చొక్కా జేబులో ఉంది. హైస్కూల్లో లెక్కలు చెప్పే మాస్టారు, నలభై దాటిన మనిషి, చంటిపిల్లాడిలా గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. నిన్న సాయంత్రం చిట్టి పనిచేసే కార్ల షోరూం నుంచి ఫోను వచ్చినప్పుడు మొదలైన గొడవ. పొద్దున్న తొమ్మిదైనా తెమల్లేదు.

“లీవు పెట్టు. ఒంట్లో బాగాలేదని చెప్పు.”

“నా ఒంటికేం? బ్రహ్మాండంగా ఉంది.”

“చిట్టీ, మాట విను. కారు కొనేది వాడు. నువ్వు ఎదురుగా కూర్చుని వాడికి సార్ సార్ అంటూ సీట్ల రంగులు చూపించాలి. ఎందుకొచ్చిన ఖర్మ?”

కుట్టుమిషను ఆగింది. వదిన నోట్లో గుండుసూదులు పట్టుకునే మాట్లాడగలదు. ఇప్పుడు మాత్రం వాటిని తీసి గిన్నెలో వేసింది.

“లీవెందుకు పెట్టాలి? మూడేళ్ళు మనం మొహం చాటేసి తిరిగాం. వాడేమో మూడు క్లినిక్కులు తెరిచాడు. వెళ్ళవే చిట్టీ. ఊరందరి పళ్ళూ వాడు పీకుతున్నాడు, ఈ పూట వాడి పళ్ళు నువ్వు రాలగొట్టు.”

“నీకు వేళాకోళంగానే ఉంటుంది” అన్నాడు అన్నయ్య. “పోలీసులకి ఇది రాసిచ్చిన కాగితం సంగతి మర్చిపోయావా? ‘బండి నేనే నడిపాను’ అని స్వహస్తాలతో రాసిచ్చింది. ఇప్పుడు నోరు జారి, నేను కాదు ఆయనే నడిపాడంటే, అబద్ధం రాసిచ్చినందుకు ముందు దీన్నే లోపలేస్తారు. లాయరు నా మొహం మీదే చెప్పాడు.”

ఆ మాటకి వదిన గుండుసూదులు మళ్ళీ నోట్లో పెట్టుకుంది.

మూడేళ్ళ కిందట, వాన పడుతున్న ఒక మధ్యాహ్నం, ఇంటి దగ్గర బండి ఎక్కి స్టీరింగు పట్టింది చిట్టే. వెనక సీట్లో అత్తగారు వాంతులు కాకుండా మాత్ర వేసుకుని కూర్చునే నిద్రపోయింది. దారిలో పెట్రోలు బంకు దగ్గర “నీ నడక నత్తనడక, దిగు” అని మొగుడు, పళ్ళ డాక్టరు, స్టీరింగు తను తీసుకున్నాడు. పది నిమిషాలు తిరక్కుండానే, ఫోన్లో ఎవరినో కేకలేస్తూ, వంతెన గోడకి గుద్దాడు. అత్తగారి మోకాలు చిట్లింది. ఆ సాయంత్రం ఆస్పత్రి వరండాలో అతను భార్య కాళ్ళు పట్టుకున్నాడు. చిట్టి కాగితం రాసిచ్చింది. ఏడాది తిరిగేసరికి, విడాకుల కోర్టులో ఆ కాగితాన్నే పైకెత్తి చూపించాడు. “తల్లి కాలు విరగ్గొట్టిన మనిషితో కాపురం ఎలా చెయ్యమంటారు?” అన్నాడు.

“అన్నయ్యా” అంది చిట్టి. “నేను ఒక్క మాట కూడా జారను. కారు అమ్ముతాను. ఆప్షన్లు చెప్తాను. అంతే.”

అన్నయ్య ఆమె మొహంలోకి చూశాడు. చెల్లెలు నవ్వుతోంది. ఆ నవ్వు అతనికి బొత్తిగా నచ్చలేదు.

“నీ మొహం చూస్తే అంతే అన్నట్టు లేదు” అన్నాడు. కానీ గుప్పిట విప్పాడు.

---

చిట్టికి కావలసింది ఒక్కటే. ఆ ఇంటికి తిరిగి వెళ్ళడం కాదు, క్షమాపణా కాదు.

ఆస్పత్రి మంచం మీద అత్తగారు ఆమెని చూసి మొహం గోడ వైపు తిప్పుకుంది. నాలుగేళ్ళు సొంత కూతురిలా చూసుకున్న మనిషి. ఆ మొహం కొడుకుని చూసి కూడా అలాగే తిరగాలి. తను కళ్ళారా చూడాలి. కార్ల షోరూంలో చేరిన ఈ రెండున్నరేళ్ళలో అది ఎలా సాధ్యమో కూడా ఆమెకి తెలిసింది. మాట అక్కర్లేదు. సీటు చాలు.

పదిన్నరకి గాజు తలుపు తెరుచుకుంది.

ముందు డాక్టరు. కాస్త పొట్ట వచ్చింది, జుట్టుకి రంగు పడింది. వెనక చేతికర్రతో పెద్దావిడ. ఆవిడ మోచెయ్యి పట్టుకుని ఒక అమ్మాయి. పాతికేళ్ళు ఉంటాయేమో, క్లినిక్కులో జూనియరు డాక్టరు, నెలలో కాబోయే కోడలు. మేనేజరు నిన్న ఫోన్లో ఇవన్నీ చెప్పాడు, చిట్టి ఎవరో మాత్రం ఆయనకి తెలియదు.

డాక్టరు చిట్టిని చూసి ఒక్క క్షణం ఆగాడు.

“వేరే ఎవరూ లేరా?” అన్నాడు మేనేజరుతో.

“ఈ మోడల్‌కి మా దగ్గర ఈవిడే సార్. పోయినేడు అందరికంటే ఎక్కువ బుకింగులు ఈవిడవే.”

“అలాగా!” డాక్టరు కుర్చీ లాక్కుని కాలు మీద కాలు వేసుకున్నాడు. “సరే అయితే. ఈవిడ చెప్పడం, మనం వినడం. నాకూ వినాలనే ఉంది.”

పెద్దావిడ కూర్చుంది. చిట్టి వైపు చూడలేదు. కర్ర పిడి మీద రెండు చేతులూ పెట్టుకుని వాటినే చూస్తూ ఉంది.

చిట్టి గోడ మీది పెద్ద తెర వెలిగించింది. బల్ల మీద రంగుల నమూనాలు పెట్టింది. అరచేతిలో ఇమిడే కారు బొమ్మల్లా ఉంటాయవి. పక్కన తోలు ముక్కల గుత్తి.

“ముందు రంగు సార్.”

“నువ్వు చెప్పు” అన్నాడు డాక్టరు కాబోయే భార్యతో, మురిపెంగా. “నీకోసమే కదా కొంటున్నది.”

జూనియరు ముదురాకుపచ్చ బొమ్మ చేతిలోకి తీసుకుంది. “ఇది బాగుంది సార్” అంది. పెళ్ళాడబోయేవాణ్ణి ఇంకా సార్ అనే పిలుస్తోంది.

“ఆకుపచ్చా! చెరువులో నాచులా ఉంటుంది. నలుపు పెట్టండి.”

ఆ అమ్మాయి బొమ్మని మళ్ళీ వరసలో పెట్టేసింది. ఆమెని కూడా ద్వేషించాలనే పొద్దున్న అద్దం ముందు అనుకుని వచ్చింది చిట్టి. ఆ పని అనుకున్నంత తేలిగ్గా లేదు.

“చక్రాలు సార్. పంతొమ్మిది అంగుళాలవి, ఇరవై, ఇరవై ఒకటి. ఇరవై ఒకటి చూపుకి బాగుంటుంది గానీ టైరు పలచన. గుంతలో పడితే చక్రం అంచు వంగిపోతుంది. మీకు పంతొమ్మిది చాలు.”

“నాకేం చాలో నువ్వు చెప్పక్కర్లేదు. ఇరవై ఒకటి.”

చిట్టి టిక్కు పెట్టింది. లోపలెక్కడో చల్లగా ఏదో కదిలింది.

నాలుగేళ్ళ కాపురంలో తెలియలేదు గానీ, ఈ మనిషిని నడిపించడం ఇంత సులువా! వద్దన్నదల్లా కావాలంటాడు. ‘చాలు’ అన్న మాట చెవిన పడితే చాలు, ఒళ్ళు మండుతుంది. తను అబద్ధం ఒక్కటీ చెప్పనక్కర్లేదు. ఉన్నది ఉన్నట్టు, నిజం చెబితే సరిపోతుంది.

“సౌండ్ సిస్టం. పెద్ద ప్యాకేజీలో ఇరవై మూడు స్పీకర్లుంటాయి. పాటలంటే ప్రాణమిచ్చేవాళ్ళు తీసుకుంటారు. మీకు మామూలుది...”

“పెద్దది పెట్టు.”

నాలుగేళ్ళలో అతను ఒక్క పాట చివరిదాకా విన్నది లేదు. చిట్టి టిక్కు పెట్టింది.

“సీట్లు సార్. మెత్తటి సీటొకటి, స్పోర్ట్స్ సీటొకటి. స్పోర్ట్స్ సీటు నడుముని రెండు పక్కలా గట్టిగా పట్టుకుంటుంది. సన్నగా ఉన్నవాళ్ళకి హాయిగా ఉంటుంది.”

డాక్టరు పొట్ట లోపలికి లాక్కున్నాడు.

“స్పోర్ట్స్ సీటే.”

మేనేజరు దూరం నుంచి టిక్కులు లెక్కపెట్టుకుంటూ, ఆనందం పట్టలేక రెండోసారి టీ పంపించాడు. జాబితాలో ఎర్ర బ్రేకులు చేరాయి. పైన గాజు కప్పు పడింది. కార్బన్ అలంకారం పడింది. స్టీరింగు మీద కుట్టు కూడా ఎర్రదారంతో పడింది. ప్రతిదానికీ చిట్టి మర్యాదగా వద్దంది. ప్రతిదానికీ డాక్టరు కావాలన్నాడు.

“ఇది మాత్రం ఆలోచించుకోండి సార్” అంది చిట్టి. ఈసారి గొంతు తనకి తెలియకుండానే మారింది. “సస్పెన్షన్. స్పోర్ట్స్‌ది చాలా గట్టిగా ఉంటుంది. రోడ్డు మీది ప్రతి గతుకూ సీటుదాకా వస్తుంది. ముందు కూర్చున్నవాళ్ళకి సరదాగానే ఉంటుంది, నరకమంతా వెనక కూర్చున్నవాళ్ళకి. పెద్దావిడ మోకాల్లో రాడ్డు వేశారు. దయచేసి మెత్తది తీసుకోండి.”

“మా అమ్మ మోకాలి గురించి నువ్వు మాట్లాడుతున్నావా?” డాక్టరు గొంతు పెంచకుండానే అన్నాడు. “ఆ మోకాలు ఎవరి పుణ్యమో మర్చిపోయావా?”

జూనియరు తల ఎత్తి చిట్టిని చూసింది, అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు. ఎదురుగా కూర్చున్నది ఎవరో ఆ అమ్మాయికి అర్థమైంది.

పెద్దావిడ కర్ర పిడిని చూస్తూనే ఉంది.

“గట్టిదే పెట్టు” అన్నాడు డాక్టరు.

చిట్టి చెయ్యి తెర ముందు కాసేపు ఆగింది. తర్వాత టిక్కు పెట్టింది.

“ఇక చివరిది. రికార్డరు ప్యాకేజీ. ముందూ వెనకా, లోపలా కెమెరాలుంటాయి. ఎక్కడైనా గుద్దుకుంటే, అంతకు ముందు నిమిషం ఏం జరిగిందో బండే దాచిపెడుతుంది. ఎంత వేగంలో ఉంది, బ్రేకు వేశారా లేదా, ఎవరు నడుపుతున్నారు. ఇది తీసుకోండి సార్. అన్నిటికంటే అవసరమైనది ఇదే.”

“అది వద్దు.”

“ఎందుకు సార్, మంచిదే కదా?” అంది జూనియరు.

“వద్దన్నానా?”

మూడు గంటల పని ముప్పావుగంటలో ముగిసినందుకు సంతోషిస్తూ మేనేజరు మధ్యలోకి వచ్చి, ఇరవై ఒక్క అంగుళాల చక్రాలు వెనక షెడ్డులో ఉన్నాయి, చూద్దురుగాని రమ్మన్నాడు. డాక్టరు లేచాడు.

“పెద్దావిడ అంతదూరం నడవలేరేమో” అంది చిట్టి. “ఈలోగా డెమో కార్లో వెనక సీటు చూసుకుంటే మంచిది. కూర్చునేది ఆవిడే కదా.”

“చూడమ్మా, చూడు” అన్నాడు డాక్టరు నడుస్తూనే. జూనియరుని రమ్మని వేలితో సైగ చేశాడు. ఆ అమ్మాయి వెనక్కి రెండుసార్లు చూసుకుంటూ వెళ్ళింది.

---

డెమో కారు షోరూం బయట, గోడ నీడలో ఉంది. చిట్టి వెనక తలుపు తెరిచింది. పెద్దావిడ మొదట కూర్చుని, తర్వాత చేత్తో కాలుని ఎత్తి లోపల పెట్టుకుంది. డ్రైవరు సీటు వెనకే. ఆ రోజు కూర్చున్న చోటే.

చిట్టి డ్రైవరు సీట్లో కూర్చుంది. తలుపు వేసుకుంటే బయటి శబ్దం తెగిపోయింది. కొత్త తోలు వాసన.

“తలుపు మీద ఇదిగో, ఈ బటన్లున్నాయి చూశారా అత్తయ్యా.” మూడేళ్ళ తర్వాత ఆ పిలుపు నోట్లోంచి వచ్చేసింది. “ఎవరి ఎత్తుకి తగ్గట్టు వాళ్ళు సీటు సెట్ చేసి పెట్టుకోవచ్చు. పాత బండిలో కూడా ఉండేవి. ఒకటో నంబరు మీ అబ్బాయిది. రెండోది నాది.”

రెండో బటను నొక్కింది. సీటు సన్నగా మూలుగుతూ ముందుకి జరిగింది. పొట్టిమనిషి, పెడలు అందాలంటే స్టీరింగుకి దాదాపు అతుక్కుని కూర్చోవాలి.

“మీ మోకాలికీ నా సీటుకీ మధ్య ఎంత ఖాళీ ఉందో చెయ్యి పెట్టి చూడండి.”

“జానెడు పైనే ఉంది” అంది పెద్దావిడ చెయ్యి పెట్టి చూసి.

“మూర దగ్గర దగ్గర ఉంటుంది. బండి గోడకి గుద్దుకున్నా మోకాలు ముందు సీటుకి తగలదు. ఇప్పుడు ఒకటో నంబరు. పొద్దున్నే సెట్ చేసి పెట్టాను, మీ అబ్బాయి ఎత్తు గుర్తుంది నాకు.”

వేలు బటను మీద నొక్కి పట్టుకుంది. సీటు వెనక్కి రావడం మొదలుపెట్టింది. సగం దూరంలో చిట్టి ఆపింది.

“ముందు సీటు వెన్ను తగిలి మోకాలు చిట్లిందని ఆస్పత్రిలో అన్నారు. మీరూ విన్నారు.”

అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు. అన్నయ్యకిచ్చిన మాట నిలబడింది. చిట్టి అద్దం సరిచేసుకుని, అందులోంచి పెద్దావిడ మొహం చూసింది. మూడేళ్ళుగా ఎదురుచూసిన క్షణం. ఆ మొహంలో రంగులు మారాలి. నిజం తెలిసి బిత్తరపోవాలి. కొడుకు వెళ్ళిన షెడ్డు వైపు అసహ్యంగా చూడాలి.

పెద్దావిడ మొహంలో ఏమీ మారలేదు.

“ఇది చూపించడానికా తల్లీ, ఇంత కష్టపడ్డావు?” అంది. “నాకు తెలుసు.”

“ఏం తెలుసు?”

“పెట్రోలు బంకు దగ్గర సీటు వెనక్కొచ్చి నా మోకాళ్ళు నొక్కింది. అప్పుడే మెలకువ వచ్చింది. కాస్త ముందుకి జరుగురా అందామనుకున్నాను. వాడు ఫోన్లో ఉన్నాడు. మాట్లాడ్డం అయ్యాక చెబుదాంలే అనుకున్నాను.”

చిట్టి అద్దం వదిలేసి వెనక్కి తిరిగి చూసింది.

“తెలిసీ... తెలిసీ ఆస్పత్రిలో నన్ను చూసి మొహం తిప్పుకున్నారా?”

“నీ మొహం చూస్తే చెప్పేస్తానని భయం వేసింది.”

“కోర్టులో? అక్కడ కూడా మీరు ఉన్నారు అత్తయ్యా. మూడో వరసలో కూర్చున్నారు. కాలు విరగ్గొట్టిందని అతను అంటుంటే విన్నారు.”

“విన్నాను.”

“అంతేనా? ఇంకేం చెప్పరా?”

పెద్దావిడ పెదవులు కదిలాయి, మాట రాలేదు. ‘కొడుకు కదా’ అనబోయిందేమో. ఆ మాట అనడానికి ఆవిడకే సిగ్గేసిందేమో.

చిట్టి వేలు మళ్ళీ ఒకటో నంబరు మీదకి వెళ్ళింది. నొక్కింది. సీటు వెనక్కి జరిగింది. జానెడు, బెత్తెడు, రెండు వేళ్ళు. వెనక మోకాలు తగిలిన సంగతి వెన్నుకి తెలిసింది. వేలు తియ్యలేదు.

“ఆపమనండి” అంది పళ్ళ బిగువున. “ఒక్కసారి నోరు తెరిచి ఆపు అనండి అత్తయ్యా. మూడేళ్ళలో ఒక్కసారి.”

పెద్దావిడ కర్రని రెండు చేతులతో గుండెకి అదుముకుంది. కళ్ళు మూసుకుంది. అనలేదు.

చిట్టి వేలు తీసేసింది. జాలితో కాదు. ఇంకొక్క అంగుళం జరిగితే, అతను కోర్టులో చెప్పిన అబద్ధాన్ని తనే నిజం చేసినట్టవుతుంది.

కిటికీ అద్దం మీద టకటకమని చప్పుడు.

డాక్టరు తలుపు తెరిచాడు. వెనకే జూనియరు. చక్రాలు బాగున్నట్టున్నాయి, మనిషి హుషారుగా ఉన్నాడు.

“ఏమ్మా, ఎలా ఉంది వెనక సీటు?”

పెద్దావిడ కళ్ళు తెరిచింది.

“ఇరుకుగా ఉందిరా” అంది, అందరికీ వినపడేలా. “ఆ రోజు నువ్వు నడిపినప్పటి లాగే.”

---

“ఏ రోజు అత్తయ్యగారూ?” అంది జూనియరు.

డాక్టరు నవ్వాడు. నవ్వు ముందొచ్చింది, మాట తర్వాత వచ్చింది. “నొప్పి మాత్రలు వేసుకుంటుంది కదా. ఒకటి చెప్పబోయి ఇంకోటి చెప్తుంది. దిగమ్మా, దిగు.”

తల్లికి చెయ్యి అందిస్తున్నట్టు వంగి, ముందు సీటు పక్కకి మొహం తెచ్చాడు. గొంతు బాగా తగ్గించాడు.

“ఆవిడకి ఏం ఎక్కించావో తెలీదు. కాగితం రాసిచ్చింది నువ్వు. తిరగేస్తే లోపలికి వెళ్ళేదీ నువ్వే. నా పెళ్ళి చెడిందో, ఆ పాత కేసు నేనే పోలీసుల చేత మళ్ళీ తెరిపిస్తాను. గుర్తుపెట్టుకో.”

చిట్టి స్టీరింగు మీంచి చేతులు తియ్యలేదు.

“టెస్ట్ డ్రైవ్ ఉంటుందన్నారు కదా మేడమ్” అంది జూనియరు ఉన్నట్టుండి. “నేను చేస్తాను.”

“నువ్వా?” అన్నాడు డాక్టరు. “నేను నడుపుతా. నువ్వు పక్కన కూర్చో.”

“మీరొద్దు సార్. మీరు నడిపితే అత్తయ్యగారికి ఇరుకంటున్నారుగా.”

ఆ మాట ఎంత అమాయకంగా అందంటే, అది అమాయకత్వమో కాదో డాక్టరుకి అంతుపట్టలేదు. ఈలోగా పెద్దావిడ కిందికి దిగి కొడుకు ముంజేతిని పట్టుకుంది. కర్ర పట్టుకున్నట్టే, గట్టిగా.

“నువ్వు నాతో ఉండరా. నాకు కాలు లాగుతోంది” అంది.

చిట్టి పక్క సీట్లోకి మారింది. జూనియరు చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని సీటు సరిచేసుకుంది. కారు గేటు దాటింది.

రెండు వీధులు దాటారు. అలవాటు కొద్దీ, ఈ మలుపులో పట్టు చూడండి అని చెప్పాలి. చిట్టి చెప్పలేదు.

“ఆ కాగితం ఎందుకు రాసిచ్చారు?” అంది జూనియరు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

“ఏ కాగితం?”

“ఆయన గొణిగింది నాకు వినపడింది. పొద్దస్తమానం మాస్కు వేసుకున్నవాళ్ళ మాటలు వినే ఉద్యోగం మేడమ్ నాది.”

చిట్టి అన్నయ్యని తలుచుకుంది. లాయరుని తలుచుకుంది. మూడేళ్ళు పళ్ళ వెనక పట్టి ఉంచిన మాట.

“ఏడ్చాడు” అంది. “కాళ్ళు పట్టుకున్నాడు. ‘ఇంట్లో ఉండేదానివి, నీకేం పోతుంది, నా చదువంతా పోతుంది’ అన్నాడు. బండి నడిపింది నేను కాదు.”

“‘చచ్చేదాకా నీ చెయ్యి వదలను’ అని కూడా అన్నారా?”

చిట్టి గిర్రున తల తిప్పింది. ఆ మాట అన్నాడు. ఆస్పత్రి వరండాలో. అక్కడ వాళ్ళిద్దరే ఉన్నారు.

జూనియరు కారుని రోడ్డు పక్కన ఆపింది.

“నా కాళ్ళు పోయిన మంగళవారం పట్టుకున్నారు” అంది. “పన్ను తీయించుకోడానికి ఒకాయన వచ్చాడు. గుండె జబ్బు ఉందని చీటీలో రాసే ఉంది. సార్ తొందరలో ఉన్నారు. చదవకుండా మత్తు ఇంజక్షను ఇచ్చేశారు. ఆయనకి ఇవాళ్టికీ తెలివి రాలేదు. ఇంజక్షను నేనిచ్చానని రాయమన్నారు. కొత్తదానివి, పొరపాటనుకుని వదిలేస్తారు అన్నారు. మర్నాడే పెళ్ళి మాటెత్తారు. ఆ మర్నాడు, పద, కారు కొందాం, రంగు నువ్వే ఎంచుకో అన్నారు.”

ముదురాకుపచ్చ. చెరువులో నాచు.

“రాసిచ్చేశావా?” మర్యాద మరిచి అడిగింది చిట్టి.

“రాశాను. సంతకం పెట్టాను. ఇదిగో, సంచీలోనే ఉంది. పెద్దాస్పత్రిలో విచారణ కమిటీ కూర్చుంది. పన్నెండింటికి నేనే వెళ్ళి ఇవ్వాలి.”

ముందున్న గడియారంలో పదకొండూ నలభై.

రెండున్నరేళ్ళు, అతన్ని ఎక్కడ కొడితే నొప్పి పుడుతుందా అని వెతికింది చిట్టి. అది తెర మీద టిక్కుల్లో లేదు. ఆ ముసలి మోకాలి దగ్గరా లేదు. ఈ చేతిసంచీలో, నాలుగు మడతల కాగితంలో ఉంది.

“ఆ కాగితం ఇవ్వకు” అంది. “నేనూ నీతో వస్తాను. ఇతను ఇలాంటి కాగితాలు రాయించుకునే మనిషని కమిటీకి చెప్తాను. నాచేత ఎలా రాయించాడో చెప్తాను.”

“మిమ్మల్ని లోపలేస్తారన్నారుగా?”

“వెయ్యనీ. ముందు అతని మొహం చూసి, ఆ తర్వాత వెళ్తాను.”

జూనియరు చాలాసేపు ఆమె వైపు చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“మీకు కోపం ఉంది కాబట్టి వస్తానంటున్నారు” అంది. “నాకు కోపం ఇంకా రాలేదు మేడమ్. నాకు ఆయనంటే ఇష్టం.”

ఆ వయసులో, ఆ వరండాలో, చిట్టి కూడా సరిగ్గా ఇలాగే ఉంది. అప్పుడు ఎవరైనా వచ్చి చెప్పి ఉంటే వినేదా?

సంచీలో ఫోను మోగింది. ఎవరో ఇద్దరికీ తెలుసు. జూనియరు తియ్యలేదు, కట్టెయ్యలేదు. కారు కదిలించింది. ఫోను మోగుతూనే ఉంది, కారు వెళ్తూనే ఉంది. కూడలిలో ఎర్రదీపం పడితే ఆగింది. ఎడమకి తిరిగితే పెద్దాస్పత్రి. కుడికి తిరిగితే షోరూం.

ఫోను ఆగిపోయింది. ఒక్క క్షణం ఊపిరి తీసుకున్నట్టు ఆగి, మళ్ళీ మొదలైంది.

“అమ్మాయ్” అంది చిట్టి మెల్లగా. “ఎటు?”

పచ్చదీపం వెలిగింది. వెనక బళ్ళు ఒకటొకటే హారన్లు మొదలుపెట్టాయి. జూనియరు కుడిచేత్తో స్టీరింగు పట్టుకుని, ఎడమచేత్తో ఒళ్ళోని సంచీని పొట్టకేసి అదుముకుని, దీపం వైపే చూస్తూ కూర్చుంది.